రుద్దుడు పని

మా ఇంట్లో ఒక రాతబల్ల అయిదు నెలలపాటు సగంలో ఆగిపోయింది. రంగు పట్టించాను, పైన పాలిష్ వేయలేదు. ఎవరైనా దానిమీద చెయ్యి పెట్టబోతే "ఇంకా అవలేదండీ" అని ఆపేదాన్ని. పాలిష్ వేయడం పెద్ద పనేం కాదు, నాలుగైదు పూటలు కాస్త ఓపిక పడితే చాలు. వానలు తగ్గాలని చెప్పుకున్నాను, నడుం నొప్పి అని చెప్పుకున్నాను. అవి అబద్ధాలు కావు గాని అసలు కారణాలు కూడా కావు. పాలిష్ వేస్తే అది పూర్తయినట్టు. పూర్తయ్యాక "ఎవరు చేశారు?" అని అడుగుతారు. ఆ జవాబు దగ్గర ఆగిపోయాను.

బల్ల అంటే కుర్చీ వేసుకుని కూర్చునేది కాదు. నాలుగు పొట్టి కాళ్ళు, పైన కాస్త వాలుగా పలక. చాప మీద కూర్చుని, కాళ్ళు దాని కిందికి పెట్టుకుని రాసుకునేది. మా తాతగారికి అలాంటిది ఉండేది, పద్దులు రాసుకోవడానికి. మా అమ్మమ్మకీ అమ్మకీ లేదు. అమ్మ చాకలిపద్దు వంటింటి గోడ మీద బొగ్గుతో రాసేది. రాయాలంటే ఆడవాళ్ళకి సొంత గది కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో రాసింది. గది సంగతి తర్వాత, మనలో చాలామందికి బల్లే ఉండేది కాదు. నా ఎం.ఫిల్. సగం భోజనాల బల్ల మీద, సగం ఇస్త్రీ బల్ల మీద అయింది. రిటైరయ్యాక కొనుక్కోవచ్చు. చేసుకుందామనుకున్నాను. దీని వెనక సిద్ధాంతం ఏమీ లేదు. ముప్ఫై రెండేళ్ళు క్లాసులో మాటలతోనే పనిచేశాను. మాట వినని వస్తువుతో కొన్నాళ్ళు పనిచేయాలనిపించింది, అంతే.

చెక్క పైన్. దిగుమతయ్యే సామాన్ల పెట్టెలకీ పాలెట్లకీ వాడేది. పాత పాలెట్లు విప్పి చెక్కలు అమ్మే దుకాణాలు హైదరాబాదులో ఉన్నాయి. వాటి మీద ముద్ర చూసి తీసుకోవాలి. హెచ్.టి. అని ఉంటే వేడి పట్టించి పురుగుని చంపారని. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని, అది ఇంట్లోకి తేకూడదు. మా వీధి చివర వడ్రంగి షెడ్డులో మేస్త్రి మేకులు పీకి, చిత్రిక పట్టి, నేను గీసిచ్చిన కొలతలకి కోసి ఇచ్చాడు. 600 రూపాయలు తీసుకున్నాడు. అతికించుకోవడం, మరలు బిగించుకోవడం, ఉప్పుకాగితం పెట్టి రుద్దుకోవడం, రంగు, పాలిష్ అన్నీ నావి. అతికించే రోజున ఫెవికాల్ ఎక్కువై అంచుల్లోంచి పొంగింది. తడిగుడ్డతో తుడిచేశాను. శుభ్రంగా తుడిచానని సంతోషించాను కూడా.

రుద్దడం దగ్గర నాకు విసుగొచ్చింది. ముందు 80 నంబరు కాగితం, తర్వాత 120, ఆ తర్వాత 180 అని చెప్పారు. 80తో రుద్దేసరికే భుజం పట్టేసింది. ఒకటే పని, ఎటు చూసినా ఏమీ మారినట్టుండదు, పొడి మాత్రం ముక్కులోకి పోతుంది. 120 వదిలేసి 180కి వెళ్ళిపోయాను. పైన చెయ్యి పెట్టి చూస్తే నున్నగానే ఉంది. చెయ్యి అబద్ధం చెప్పదంటారు. చెబుతుంది.

ఆ సంగతి రంగు వేశాక తెలిసింది. ముదురు టేకు రంగు డబ్బా ఒకటి తెచ్చి, పాత నూలుచీర చింపి, ఆ గుడ్డతో నార వెంబడి పట్టించి, అయిదు నిమిషాలాగి తుడిచాను. తుడుస్తుంటే ఒక్కొక్కటీ బయటపడడం మొదలైంది. 80 నంబరు కాగితం గీసిన గీతలన్నీ నల్లగా లేచాయి. నేను సంతోషంగా తుడిచిన ఫెవికాల్ పొరగా పరుచుకున్న చోటల్లా రంగు ఇంకక, తెల్లటి బొల్లి మచ్చలు మిగిలాయి. అడ్డంగా కోసిన కొసలు రంగంతా తాగేసి మాడిన రొట్టె అంచుల్లా అయ్యాయి. పైన్‌లో మెత్తటి చారా గట్టి చారా పక్కపక్కనే ఉంటాయి. మెత్తటిది రంగుని గటగటా తాగుతుంది, గట్టిది ముట్టుకోదు. అందుకని అంతకుముందు లేతగా ఉన్న చారలు ముదిరిపోయి, ముదురుగా ఉన్నవి లేతగా కనబడ్డాయి.

రంగు అనేది దాచడానికి వేస్తారని అంతవరకూ నా నమ్మకం. చవక చెక్కకి టేకు రంగు వేయడం మోసం కాదా అని డబ్బా కొనేటప్పుడు కాస్త తర్కించుకున్నాను కూడా. గోడ మీద వేసే రంగు దాస్తుంది. చెక్కలోకి ఇంకే రంగు ఏదీ దాచదు. ఎక్కడ తొందరపడ్డానో, ఎక్కడ విసుక్కున్నానో, ఏది తుడిచేశాననుకున్నానో అన్నీ రాసి చూపించింది. (ఇంకో మాట. చెక్కకి మూడు వందలు పెట్టి నలుపు కొనుక్కొచ్చిన ఇదే చేతులతో, మా అమ్మాయి చిన్నప్పుడు ఆ పిల్ల మొహానికి శనగపిండి, మీగడ పట్టించేదాన్ని. పేరులోనే తెలుపుని అమ్మిన క్రీము ఒకటి 2020లో ఆ పేరు మార్చుకుంది. పేరు మారినంత మాత్రాన ఏ అత్తగారి చూపు మారిందో నాకు తెలీదు. ముదిరినకొద్దీ విలువ పెరిగే రంగు ఒక్క చెక్కకే ఉన్నట్టుంది.)

బల్లని ఆటోలో వేసుకుని షెడ్డుకి వెళ్ళాను. మేస్త్రి చూసి నవ్వలేదు, అది ఆయన మంచితనం. "పాలిష్ పిలగాడొస్తడు మేడం, రెండు దినాల్ల అద్దం లెక్క చేసిస్తడు" అన్నాడు. "లేదండీ, నేనే చేసుకుంటాను" అన్నాను. "అయితే ఆమెనడుగుండ్రి, రుద్దుడు పని ఆమెదే" అని మూలకి చూపించాడు.

ఆ మూలలో ఆమె అంతకుముందు కూడా ఉంది. కొలతలిచ్చిన రోజున ఉంది, చెక్కలు తీసుకున్న రోజున ఉంది. గోనెసంచి మీద కూర్చుని, తలుపు రెక్కని ఒళ్ళోకి వాల్చుకుని రుద్దుతూనే ఉంది. మేస్త్రి భార్య. స్త్రీల శ్రమ కనబడకుండా పోవడం గురించి ఎన్నో సెమినార్లలో మాట్లాడినదాన్ని, రెండుసార్లూ ఆమెకి మూడడుగుల దూరంలో నిలబడి చూడలేదు.

బల్ల చూసి ఆమె ఏమీ అనలేదు. గుడ్డ తడిపి పైన ఒక మూల తుడిచి, పలకని వెలుగుకి ఏటవాలుగా ఎత్తి పట్టుకుంది. మిగిలిన గీతలు, జిగురు అంటిన చోట్లు తడిలో తేలిపోయాయి. రంగు వేయకముందే ఇలా చూసుకోవాలట. తర్వాత పెన్సిల్ తీసుకుని పలక మీద ఇష్టమొచ్చినట్టు పిచ్చిగీతలు గీసింది. "ఈ గీతలు పోయేదాన్క రుద్దాలె. పోయినంక మళ్ళ గీసి, ఇంకో నంబరుతోని రుద్దాలె." నేను లెక్చరర్‌ని, నాకు అర్థమయ్యే భాషలో చెప్పిందనుకున్నాను. తర్వాత చూస్తే ఆ షెడ్డులో ప్రతి తలుపు మీదా ఆ గీతలు ఉన్నాయి. జిగురు పొంగితే తడిగుడ్డ పెట్టకూడదు, సగం గట్టిపడ్డాక ఉలితో గీరెయ్యాలి. కొసల్ని మరీ సన్నటి కాగితంతో రుద్దితే రంగు తక్కువ తాగుతాయి. పైన్‌కి నేరుగా రంగు పెట్టొద్దు. "పల్చగ చపడ కొట్టుండ్రి ముందుగాల. గది ఆరినంక రంగు పెడితే అంతట ఒక్క తీరు తాగుతది." చపడ అంటే లక్క రేకులు స్పిరిట్లో నానబెట్టినది. ఆ లక్క దగ్గరికి మళ్ళీ వస్తాను.

రెండు మధ్యాహ్నాలు ఆమె పక్కన కూర్చున్నాను. ఒక కొస నుంచి నేను, ఒక కొస నుంచి ఆమె. పలక పైభాగం సగానికి పైగా ఆమే రుద్దింది. నా చెయ్యి ఆగినప్పుడల్లా ఆమె చెయ్యి నా సగంలోకి వచ్చేది. ఆమె వేళ్ళ కొసలు పలక కంటే నున్నగా ఉన్నాయి. రేషన్ షాపులో మిషను మీద బొటనవేలు పెడితే పడదట, నాలుగైదు వేళ్ళు మార్చి చూస్తారట. దసరాకి షెడ్డులో పనిముట్లన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టేది ఆమే. మరి ఉలి పట్టి ఎప్పుడైనా పని చేశావా అని అడిగితే, "అది ఆయన పని గద" అంది.

రెండో రోజు సాయంత్రం ఆమె పేరు అడిగాను. అప్పుడే ఇంకోటి కూడా తట్టింది. మేస్త్రిని మొదటినుంచీ "మీరు" అంటున్నాను. ఆమెని "నువ్వు" అంటున్నాను. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు, నాకంటే అయిదారేళ్ళు చిన్న. ఎవరూ నాకు అలా నేర్పలేదు, నేను అనుకుని అనలేదు. అనుకోకుండా రావడమే కదా అసలు సంగతి. వెళ్ళేముందు "ఎంతివ్వాలి?" అని అడిగాను. అది కూడా ఆయన్నే అడిగాను. "ఏమొద్దు మేడం, ఇంట్ల మనిషే గద" అన్నాడు. మర్యాదకే అన్నాడు. ఆమె కాగితం ముక్కలు ఏరుతోంది. నేను థాంక్స్ చెప్పి ఆటో పిలిచాను.

ఇంటికొచ్చి ఆమె చెప్పినట్టే చేశాను. ఈసారి రంగు చక్కగా పట్టింది. ఎడమవైపు మూల ఒక్క జిగురు మచ్చ మిగిలింది, వేలిగోరంత. వారం తర్వాత నాతో పనిచేసిన స్నేహితురాలు వచ్చింది. బల్ల చూసి ముచ్చటపడి "నువ్వే చేశావా?" అంది. "అంతా నేనే" అన్నాను.

ఆ రెండో మాటే, "అంతా". ఆమె పక్కన కూర్చుని రుద్దినప్పుడు "మనం ఈ వైపు అయిపోగొట్టాం" అన్నాను. స్నేహితురాలి ముందు "నేను" అన్నాను. "మనం", "మేం" అని రెండు బహువచనాలున్న భాష మనది. ఎదుటి మనిషిని కలుపుకోవడానికి ఒకటి, మినహాయించడానికి ఒకటి. ఆ రెండూ దాటి ఏకవచనానికి వెళ్ళిపోవడానికి నాకు వారం పట్టింది.

రాత్రి మావారితో చెప్పాను, ఎందుకో బాధగా ఉందని. ఆయన నన్ను ఊరడించడానికే అన్నారు. "ఆమె రుద్దిందంతే, చేసింది నువ్వే. నా థీసిస్ నువ్వు ఫెయిర్ చేశావు. అంతమాత్రాన అది నేను రాయనట్టా?"

1986లో ఆయన పిహెచ్.డి. థీసిస్ నాలుగు వందల పైచిలుకు పేజీలు నేను ఫెయిర్ చేశాను. టైపుకి ఇవ్వాలంటే కొట్టివేతలు లేని ప్రతి కావాలి కదా. రాత్రిళ్ళు పాపని పడుకోబెట్టి రాసేదాన్ని. ఊరికే చూసి రాయడం కాదు. కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో ఉన్న వాక్యాల్ని కుదించాను. మూడో అధ్యాయంలో వాదన వెనకది ముందుకీ ముందుది వెనక్కీ పెట్టాను, ఆయనతో మాట్లాడే పెట్టాను. కృతజ్ఞతల పేజీలో "ఎంతో ఓర్పుతో సహకరించిన నా శ్రీమతికి" అని ఉంది. ఆ పేజీ కూడా ఫెయిర్ చేసింది నేనే. నా ఎం.ఫిల్. ఏడాదిన్నర వెనకబడింది. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఆ వాక్యం నాలో ఎక్కడో గుచ్చుకునే ఉంది. దాన్ని తీసుకెళ్ళి మక్కీకి మక్కీ ఇంకో ఆడమనిషికి గుచ్చాను. అందులోనూ ఆయన నన్ను "ఓర్పు" అనైనా అన్నారు. నేను ఆమెని ఏమీ అనలేదు.

ఆలోచిస్తే ఈ ఫెయిర్ కాపీ, రుద్దుడు ఒకే జాతి పనులు. బాగా చేస్తే చేసినట్టు తెలియదు. గీత కనబడితేనే రుద్దలేదని తెలుస్తుంది, దుమ్ము కనబడితేనే తుడవలేదని తెలుస్తుంది. పని లేనప్పుడు మాత్రమే కనబడే పని. అందుకే దీన్ని చేసినవాళ్ళు "ఇది నేను చేశాను" అని చూపించడానికి ఏమీ మిగలదు. ఉలి పెట్టినవాడికి తొర్ర మిగులుతుంది, రంపం పెట్టినవాడికి ముక్కలు మిగులుతాయి. రుద్దినామెకి పొడి మిగులుతుంది, అది కూడా ఆమే ఊడ్చుకోవాలి.

మరి ఏమనాలి? మన క్రియలకి ఒక సదుపాయం ఉంది. చేశాను, చేయించాను. కట్టాను, కట్టించాను. ఆ "ఇంచు" చేరితే వెనక ఇంకొకరి చెయ్యి ఉందని తెలుస్తుంది. బ్యాంకులో అప్పు తీసుకుని గృహప్రవేశం చేసిన ప్రతి మగాడూ "ఇల్లు కట్టాను" అనే అంటాడు, ఆ "ఇంచు"ని మింగేసి. తాజమహల్ దగ్గర రాళ్ళు మోసింది ఎవరని శ్రీశ్రీ అడిగినప్పటినుంచీ ఆ మింగేసినదాన్ని కక్కించాలని చూస్తూనే ఉన్నాం. కాని నా బల్ల విషయంలో "రుద్దించాను" అన్నా నిజం కాదు. నేను ఆమెకి పని చెప్పలేదు, కూలి ఇవ్వలేదు. కూలీ అయితే కనీసం ఆ ప్రశ్నలోకైనా వచ్చేది. ఇంట్లో మనిషి కాబట్టి కూలీ కూడా కాదు. మన దేశంలో శ్రామికశక్తి సర్వేలు చేసేవాళ్ళకి ఇలాంటివాళ్ళ కోసం ఒక గడి ఉంది. కుటుంబ వ్యాపారంలో జీతం లేని సహాయకులు. ఆ గడి ఏ పెద్ద గడి లోపల ఉంటుందంటే, స్వయం ఉపాధిలో. అంటే ఆమె తనకి తానే యజమాని. ఆ లెక్క వేసినవాళ్ళకి "ఇంట్ల మనిషే గద" అన్న మాట తెలిసినట్టే ఉంది.

రెండో దారి ఒకటుంది, మనలాంటి చదువుకున్నవాళ్ళకి బాగా అలవాటైనది. "ఏ పనీ ఒక్కరిది కాదు, అందరిదీ" అనడం. చెట్టు ఎవరిది, మేకు ఎవరిది, నాకు అక్షరాలు నేర్పినది ఎవరు, ఇలా పోతే బల్ల ప్రపంచమంతటిదీ అవుతుంది. వినడానికి ఉదాత్తంగా ఉంటుంది. నాకు మాత్రం ఇందులో మోసం కనబడుతుంది. అందరిదీ అన్నాక ఎవరి పేరూ చెప్పక్కర్లేదు, ఎవరికీ డబ్బివ్వక్కర్లేదు. చివరికి పేరు ఎవరికి ముందే ఉందో వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. పుస్తకాల ముందు రెండు పేజీల కృతజ్ఞతల జాబితా కూడా చాలాసార్లు ఇంతే. అంతమందిలో ఒకరిగా కలిపేస్తే బాకీ తీరినట్టు.

నేను బల్ల చేయలేదని చెప్పడం కూడా నాకు ఇష్టం లేదు. అదొక దొంగ వినయం, ఆడవాళ్ళకి చిన్నప్పటినుంచీ మప్పినది. "ఏదోలెండి, ఊరికే చేశాను." అరవై దాటాక మొదటిసారి మర బిగించాను. వంకరగా అతికించి, విప్పి, మళ్ళీ అతికించాను. కొలత నాది, వాలు నాది, మచ్చ నాది. "నేను చేశాను" అని అనుకునే హక్కు వదులుకోను. ఆ పక్కనే "పైపలక సగం పైన ఆమె రుద్దింది" అన్న వాక్యం పెడితే నా వాక్యం ఏమైనా తరిగిపోతుందా? తరగదు. తరుగుతుందనుకోవడం వల్లే కదా అప్పట్లో మూడో అధ్యాయం సంగతి ఆయన రాయలేకపోయింది. అయితే వాక్యం పెడితే సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న. నాకు ఆ రోజుల్లో కావలసింది వాక్యమే, ఎందుకంటే నా జీతం నాకు వస్తోంది. ఆమె సంగతి అది కాదు. ఈ వ్యాసంలో పేరు రాయనా అని తర్వాత అడిగాను. "పేరెందుకు మేడం, కార్డుల ఉన్నది చాలు" అంది. అందుకే రాయలేదు.

ఇవన్నీ మనసులో నలుగుతూ ఉండగా వర్షాకాలం వచ్చింది. పాలిష్ ఏది వేయాలన్నది ఇంకో తగువు. మెలమైన్, పాలియురెథేన్ లాంటివి గట్టివి. వేడి టీగ్లాసు పెట్టినా చెక్కుచెదరవు. కాని ఒకసారి గట్టిపడితే ఇక లోపలికి పోనివ్వవు. కొత్త పూత పాత పూతలో కలవదు, దానిమీద పొరలా నిలుస్తుంది. గీత పడితే గరుకు చేసి మళ్ళీ వేసుకోవాలి. లక్క అలా కాదు. స్పిరిట్లో కరుగుతుంది, ఆరుతుంది. ఏడాది తర్వాత ఇంకో పూత వేస్తే కింది పూత కాస్త కరిగి దానితో కలిసిపోతుంది. వేడికీ తడికీ తట్టుకోదు, గ్లాసు పెడితే తెల్లటి చుట్ట పడుతుంది, వానల్లో వేస్తే మబ్బు కమ్మినట్టు అవుతుంది. అందుకే ఆగమన్నారు. మళ్ళీ విప్పుకోవడానికి వీలున్నది నాకు నచ్చింది.

లక్క గురించి చదువుతూ పోయాను, అది నా పాత జబ్బు. లక్క చెట్టు బంక అనుకునేదాన్ని. కాదు, పురుగుది. కుసుమ, మోదుగ, రేగు చెట్ల లేతకొమ్మల మీద చిన్న పురుగులు చేరి, ముక్కు గుచ్చి, రసం పీలుస్తాయి. మగవి కొన్నాళ్ళకి బయటికొస్తాయి. ఆడవి అక్కడే, కాళ్ళు కూడా పోయి, కదలకుండా ఉండిపోతాయి. ఒంట్లోంచి వచ్చే జిగురు తమ చుట్టూ గట్టిపడుతుంది. లక్కలో అధికభాగం వాటిదే. దాని లోపలే గుడ్లు పెట్టి, అక్కడే చనిపోతాయి. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఆ కొమ్మలు కోసి, గీకి, కడిగి, కరిగించి, సాగదీసి రేకులు చేస్తారు. కడిగినప్పుడు పోయే ఎరుపే లత్తుక. రాంచీలో దీనికోసం పరిశోధన సంస్థ 1924లోనే పెట్టారు. మన చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో మెరిసే గాజులు కూడా లక్కవే. పాతబస్తీలో ఎందరో ముస్లిం స్త్రీలు ఇళ్ళలోనే కూర్చుని వాటిమీద అద్దాలూ రాళ్ళూ పొదుగుతారు. 2024లో హైదరాబాదు లక్కగాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఊరికి వచ్చింది.

ప్రకృతిలోంచి ఏదో ఒకటి తెచ్చి స్త్రీకి ఉపమానం చేయడం నాకు గిట్టదు. ఆ పురుగు త్యాగం చేయడం లేదు, తన గుడ్లు కాపాడుకుంటోంది. త్యాగం అన్న పేరు ఎప్పుడూ గీకి అమ్ముకునేవాళ్ళే పెడతారు. కాని లక్క అనగానే లక్కయిల్లు గుర్తురాక మానదు. ఆదిపర్వంలో పాండవులు, కుంతి ఆ ఇంట్లోంచి సొరంగంలో పడి తప్పించుకున్నారని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పినప్పుడు చప్పట్లు కొట్టాను. ఆ రాత్రి అక్కడ తిని తాగి పడుకున్న నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులూ కాలిపోయారని, ఆ ఆరు శవాలు దొరకబట్టే వీళ్ళు చనిపోయారని లోకం నమ్మిందని అమ్మమ్మ చెప్పలేదు. మహాశ్వేతాదేవి కుంతినీ ఒక నిషాద స్త్రీనీ అడవిలో ఎదురుబదురు నిలబెట్టిన కథ చదివేవరకూ నేనూ దాని గురించి ఆలోచించలేదు. తప్పించుకునేవాళ్ళ కథ పూర్తి కావాలంటే లోపల ఎవరో ఒకరు ఉండిపోవాలి. బయటికొచ్చినవాళ్ళు ఆమె పేరు అడగరు. నేనైనా రెండో రోజు సాయంత్రం అడిగాను. పోలిక మరీ పెద్దదై పోయింది, ఒక బల్ల కోసం ఇంత ఎందుకు అని నాకే అనిపిస్తుంది. అయినా తీసెయ్యబుద్ధి కావడం లేదు.

దసరా అయ్యాక, ఎండ వచ్చాక, లక్క రేకులు నూరు గ్రాములు అరలీటరు స్పిరిట్లో రాత్రంతా నానబెట్టాను. మెత్తటి నూలుచీర ముక్కలో దూది మూట కట్టి, ముంచి, పిండి, నార వెంబడి ఒక్కొక్క లాగు లాగాను. తడారేలోగా వెనక్కి వెళ్ళి సర్దకూడదు, అతుక్కుంటుంది. తప్పు కనబడుతున్నా ముందుకే పోవాలి, తర్వాతి పూతలో చూసుకోవాలి. వ్యాసాలు దిద్దినట్టే దిద్దబోయి మొదటి పూత చెడగొట్టాను. స్పిరిట్ గుడ్డతో తుడిచి మళ్ళీ మొదలుపెట్టాను. ఆరు పూతలయ్యాయి. మూలలో జిగురు మచ్చ లక్క కింద ఇంకా బాగా కనబడుతోంది.

అంతకుముందే షెడ్డుకి వెళ్ళి పాలిష్ కుర్రాడిని రోజుకూలి ఎంతని అడిగాను. 900 అన్నాడు. రెండు మధ్యాహ్నాలంటే ఒక రోజు. మేస్త్రి లేనప్పుడు ఆమె చేతికిచ్చాను. వద్దనలేదు. లెక్కపెట్టుకుని రవికలో దోపుకుని "ఆయనకు చెప్పకుండ్రి" అంది. న్యాయం చేద్దామని వెళ్ళి, వాళ్ళిద్దరి మధ్య ఒక రహస్యాన్ని పెట్టి వచ్చాను. అది మంచో చెడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

పోయిన ఆదివారం బల్ల చూడడానికి రమ్మంటే వచ్చింది. ఇప్పుడు నేను ఆమెని "మీరు" అంటున్నాను, ఆమెకి అది నవ్వులాటగా ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. చాప మీద బల్ల ముందు కూర్చుని, కాళ్ళు కిందికి పెట్టుకుని, రాసేవాళ్ళు కూర్చున్నట్టే కూర్చుంది. పైన చూడలేదు. చెయ్యి కిందికి పోనిచ్చి పలక అడుగున అరచేత్తో తడిమింది.

"కింద రుద్దలే?"

"కింద ఎవరు చూస్తారండీ" అన్నాను.

"మోకాళ్ళకు తగుల్తది గద" అంది. బల్లని తిరగేసి ఒళ్ళోకి వాల్చుకుంది. "కాగితం తే" అంది.